ఎడమ తలుపులో గొంతు

ఆమె బతుకులో చాలా భాగం వ్యాను ఎడమ సీట్లోనే గడిచింది. అక్కడ కూర్చుని చేసే పని ఒక్కటే: ఫోను చెప్పిన దారిని మళ్లీ అరిచి చెప్పడం. భర్తకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవి బాగానే ఉంది గానీ, డీజిలు ఇంజను మోతలో ఫోను గొంతు ఏ మూలకు? అందుకని ఆమె అతని మోకాలి మీద తట్టి, మెడ సాచి, "కుడికి! ఇప్పుడే!" అని కేకేసేది. లాండ్రీలో ఉతికిన కర్టెన్లు ఇళ్లకు చేర్చే పని వాళ్లది. రోజూ కొత్త వీధులు, కొత్త గుమ్మాలు. నిద్రలో కూడా ఆమె మలుపులు పలవరించేది. లాండ్రీ వాళ్లు 'మలుపులమ్మ' అని పేరు పెట్టేశారు.

ఆమె నవ్వి ఊరుకునేది. చేతులే ఊరుకునేవి కావు. ఒళ్లో ఎప్పుడూ ఏదో గుడ్డముక్క. ఎర్రదీపం పడితే నాలుగు కుట్లు, పచ్చదీపం పడగానే సూది కాలరులోకి.

నాటకాలకు దుస్తులు కుట్టే వర్క్‌షాపులో చోటు ఖాళీ అయిందని విన్న రోజు ఆమె తింటున్న కంచం ముందునుంచే లేచింది. వెళ్లి అడిగింది. కుట్టి చూపించింది. అక్కడి పెద్ద టైలరమ్మ ఆ కుట్టును తిరగేసి, వెలుతురుకు పట్టి చూసి, "సోమవారం వచ్చెయ్యి. ఓ వారం చూస్తాను. మధ్యలో మానేసేవాళ్లు మాత్రం నాకొద్దు" అంది.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది.

"వెళ్లు. నేనేమన్నా చంటిపిల్లాణ్ణా?"

"మరి దారి ఎలా వింటారు? ఇయర్‌ఫోన్ పెట్టుకుంటారా?"

"ఉన్న ఒక్క చెవికీ బిరడా బిగిస్తే, వెనక లారీ హారను ఎవరు వింటారే? మీ తమ్ముడా?"

తమ్ముడు కార్ల ఎలక్ట్రీషియను. కబురు పెట్టగానే వచ్చాడు. "ఫోను గొంతుని బండి స్టీరియోలోకి ఎక్కించేస్తా బావా. తలుపుల్లో స్పీకర్లున్నాయిగా, వాటిల్లోంచి గట్టిగా వస్తుంది."

"కంపెనీ ఇచ్చిన సెట్టు మాత్రం పీకావంటే ఊరుకోను. డాష్‌బోర్డుకి ముందుపన్ను ఊడినట్టుంటుంది."

"నీ పంటి జోలికి పోనులే బావా."

శనివారం వాకిట్లో ఆ పాత సెట్టు పొట్ట విప్పాడు. క్యాసెట్ పాట వాల్యూము దాకా నడిచే దారి వెతికి, అక్కడ సన్నటి వైరు టంకం పెట్టాడు. దాని రెండో కొసన ఫోనుకు గుచ్చే పిన్ను. క్యాసెట్ తిరుగుతుంటే తప్ప ఆ సెట్టు నోరు విప్పదు. అందుకని టేపంతా లాగేసిన ఖాళీ క్యాసెట్ ఒకటి అందులో దోపాడు. చిన్న చక్రాలు రెండూ ఉత్తినే తిరిగాయి, ఏమీ వినపడకపోయినా తలూపుతూ కూర్చునే మనిషిలాగా.

ఆమె అలవాటుగా తన సీట్లో కూర్చుంది. బండి కదిలింది. "ఎడమకు తిరగండి" అంది ఫోను. ఆ మాట ఆమె మోకాలి పక్కనుంచి గంటలా మోగింది.

"బాగుందిరా, బాగుంది! ఏమండీ, వినిపించిందా?"

"బ్రహ్మాండం" అన్నాడు అతను, ఎడమకు తిప్పుతూ.

అది వాళ్ల సొంత వీధి. కళ్లు మూసుకుని కూడా తిప్పగలడు. ఆ సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు.

సోమవారం ఆమె ముందు పొడవాటి బల్ల, దాని మీద సేనాపతి కోటుకు నీలం మఖ్మలు. కత్తెర చేతిలో ఉంది గానీ మనసు ఊరంతా తిరుగుతోంది. బయట ఏ బండి మోగినా తల లేచేది. ఇంతలో ఫోను, కర్టెన్ల కోసం ఎదురుచూస్తున్న ఒకావిడ.

"మీ వ్యాను మా ఇంటి ముందునుంచి మూడోసారి పోతోందండీ. మా ఆయన చెయ్యి ఊపితే, మీ ఆయనా చెయ్యి ఊపి వెళ్లిపోయారు!"

పక్కన కుట్టేవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేకపోయింది. కాసేపటికి ఇంకో ఫోను. "ఫోనో, కత్తెరో, ఏదో ఒకటి పట్టుకో" అంది పెద్ద టైలరమ్మ. ఆ తర్వాత కోసిన ముక్క వంకరపోయింది. టైలరమ్మ దాన్ని పక్కన పెట్టి, ఇంకో గుడ్డ ఆమె ముందుకు జరిపింది.

సాయంత్రం వ్యాను సగం మూటలతో తిరిగొచ్చింది.

"ట్రాఫిక్కు" అన్నాడు.

"మరి ఈ మూటలేంటి?"

"వాళ్లు ఇంట్లో లేరు."

"ఇంట్లో ఉండే నాకు ఫోన్లు చేశారండీ! రేపు నేనూ వస్తాను. టైలరమ్మకి రానని చెప్పేస్తాను."

"వద్దు!" అతని గొంతు గోడకు కొట్టుకుంది. "వినిపిస్తోందన్నానుగా. అలవాటవ్వాలి, అంతే."

ఆమెకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధీ కాలేదు. తాళాలు తీసుకుని వ్యాను దగ్గరికి వెళ్లింది. ఎన్నడూ ఎక్కని కుడి సీట్లోకి ఎక్కింది. ఇంజను స్టార్టు చేసి, తన ఫోను గుచ్చి, దారి అడిగింది. గొంతు పలికింది, అవతలి తలుపులోంచి. ఆమె సీట్లో మరో మనిషి కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. అప్పుడు ఎడమ చెవిలో వేలు దూర్చి చూసింది. గొంతు దుప్పటి కిందికి పోయింది. వాల్యూము తిప్పింది. మోత పెరిగింది గానీ అది మాట కాలేదు. వంగి కుడి తలుపుకు చెవి ఆనించింది. ఆ స్పీకరు ఉలకదు, పలకదు.

పొద్దుటినుంచీ ఈ మోతలోనే తిరిగాడన్నమాట. వేలు తీసి, తమ్ముడికి ఫోను చేసింది.

తమ్ముడు వచ్చి తల గోక్కున్నాడు. "కుడి పక్క వైరు కలపలేదక్కా. ఒక పక్క మోగింది కదా, చాలనుకున్నా. పైగా నువ్వు బాగుంది బాగుంది అంటుంటే..."

"వినాల్సింది నేను కాదురా!"

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె అటు తిరిగింది. "వినపడట్లేదని ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?"

"చెబితే నువ్వు సూది పక్కన పడేసి బండెక్కేదానివి."

"మీ మొహం!" అంది ఆమె. "మీ మూలాన ఇవాళ ఎన్ని కిటికీలు ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడ్డాయో!"

టంకం మళ్లీ పొగలు చిమ్మింది. కుడి తలుపుకు మాట వచ్చింది. ఈసారి ఆమె ముందు సీటు ఎక్కలేదు. వెనక మూటల మధ్య కూర్చుంది. తెలియని పేటలోకి పోనిమ్మంది. "కుడికి తిరగండి" అంది తలుపు. ఆమె పెదవులు కదలబోయేలోగా ఇండికేటరు టిక్కుటిక్కుమంది. తర్వాతి మలుపు దాటిపోయాడు. ఆమె మూట ముడి పిడికిట్లో బిగించింది, నోరు మెదపలేదు. తలుపు ఇంకో దారి చెప్పింది. అతను బండి తిప్పాడు.

"ఏమీ అనవేం?" అన్నాడు అద్దంలోకి చూస్తూ.

"నేనెందుకంటాను? నేను మూటని."

మంగళవారం పొద్దున వర్క్‌షాపు ముందు ఆమెను దింపాడు. "మధ్యాహ్నం ఫోను చెయ్యనా?"

"చెయ్యకండి. మీరు నాతో మాట్లాడుతుంటే అది దారి చెప్పదు."

వ్యాను కదిలింది. వీధి చివర ఎడమకు తిరగాలి. ఆమె గొంతులో ఆ మాట లేచి నిలబడింది. మింగేసి, అతను ఎటు తిరిగాడో చూడకుండానే మెట్లెక్కేసింది.