డాక్టరమ్మ అడిగిన కోళ్ళ సంగతి

నిన్నటిదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచిపెట్టింది దాచినచోటే ఉండదని, తిన్నా పడుకున్నా గుండెల మీద రాయిలా కూర్చుంటుందని ఇన్నేళ్ళలో నాకు బాగా తెలిసింది.

చిలకలగూడలో నాకు చికెన్ దుకాణం ఉండేది. కోళ్ళను కోసి శుభ్రం చేసేది మా తమ్ముడు శీను. ఒక చలికాలం ఉదయం గూడు తెరిస్తే సగం కోళ్ళు చచ్చి పడి ఉన్నాయి. మిగిలినవాటి తలలు వాచి, తురాయిలు నీలంగా మారాయి. బర్డ్ ఫ్లూ అని టీవీలో అప్పటికే చెబుతున్నారు. బయటపడితే దుకాణం మూయిస్తారు. చచ్చినవాటిని సంచుల్లో కట్టెయ్యమన్నాను. బతికున్నవాటిని కోయమన్నాను. గ్లౌజుల్లేవు, మూతికి గుడ్డ లేదు. శీను నా మొహం చూశాడు. కత్తి అందుకుని పని మొదలుపెట్టాడు. ఆ మాంసం అమ్మాను కూడా. ఎవరెవరి ఇళ్ళకు వెళ్ళిందో!

వారం తిరగకముందే శీనుకు జ్వరం పట్టుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి. ఊపిరందక ఎగరొప్పుతుంటే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ వాడి ఛాతీ పరీక్షించి నావైపు తిరిగింది.

"ఏం పని చేస్తాడు?"

"నా చికెన్ దుకాణంలనే మేడమ్."

"ఈ మధ్య కోళ్ళేమైనా చనిపోయాయా? కరెక్ట్‌గా చెప్పండి. దాన్నిబట్టే టెస్టులు, మందులు. మా స్టాఫ్ కూడా జాగ్రత్తపడాలి."

"లేదు మేడమ్. అన్నీ మంచిగనే ఉన్నయి."

శీను కళ్ళు తెరిచాడు. ఆక్సిజన్ మాస్కులో పెదవులు కదిలాయి. నేను వాడి చెయ్యి గట్టిగా నొక్కాను. ధైర్యం చెబుతున్నానని ఆమె అనుకుని ఉంటుంది. నోరు మూసుకోమన్నానని వాడికి తెలుసు.

మామూలు న్యుమోనియా అనుకుని వైద్యం చేశారు. బతికాడు. కానీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. మెట్టుగూడలో వాళ్ళింటి మెట్లెక్కాలంటే ఇప్పటికీ మధ్యలో కూర్చుంటాడు. అది ఆ జబ్బేనా? పరీక్షే చేయనిది ఎలా తెలుస్తుంది? నిజం చెప్పి ఉంటే సరైన మందు సమయానికి పడేదేమో. కాదేమో. ఆ 'కాదేమో' వెనకే ఇన్నాళ్ళూ దాక్కున్నాను. వాడి మంచం పక్కన మాస్కు లేకుండా తిరిగిన నర్సుకు ఏమైందో కనుక్కోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

శీను ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. వాడి భార్య లత మాత్రం ఎవరొచ్చినా చెబుతుంది: "బావ టైముకు దవాఖానకు తీస్కపోయిండు గాబట్టే ఈయన దక్కిండు."

నిన్న నేను వాళ్ళింట్లో ఉండగా కూడా పక్కింటావిడతో అంది. ఆవిడ వెళ్ళాక నోరు విప్పాను. "లతా, అప్పుడు కోళ్ళు సచ్చినయి. వీనితోనే ఎత్తిపిచ్చిన. డాక్టర్‌కు అబద్ధం చెప్పిన."

లత నన్ను చూసింది, భర్తను చూసింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. శీను తల వంచుకుని కూర్చున్నాడు. నేనే లేచి వచ్చేశాను.

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. ఇకమీదట లత ఎవరి ముందూ నన్ను పొగడదు. అంతవరకే నాకు ఊరట.