ఆ తోక ఎవరిది?

హర్షిణి కాలు ఒకచోట నిలవదు. సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టర్ వంటింటి నుంచి గుమ్మం దాకా పదకొండు అడుగులు. ఆ పదకొండు అడుగుల్లోనే అటూ ఇటూ తిరుగుతూ ఎనిమిది నెలలుగా స్పానిష్ నేర్చుకుంటోంది. కూర్చుంటే మాట రాదట! నేల అరిగిపోతుందని తల్లి లింగవ్వ ఎంత మొత్తుకున్నా వినదు.

ఆగడానికి వీల్లేదు మరి. తండ్రి పోశం ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. మోకాళ్లు పోయాయి. డాక్టర్లతో అన్‌ఫిట్ రాయించుకుంటే ఆయన దిగిపోయి, ఆ ఉద్యోగం బిడ్డకు వస్తుంది. దానికి బిడ్డ సంతకంతో ఒక ఫారం సోమవారంలోగా ఇవ్వాలి. హర్షిణికి గని ఉద్యోగం ససేమిరా ఇష్టం లేదు. ఇంటి నుంచే స్పెయిన్ కస్టమర్లతో ఫోన్‌లో మాట్లాడే పని ఒకటుంది, దానికి శుక్రవారం పరీక్ష. ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే మారుమాట్లాడకుండా ఫారం మీద సంతకం పెడతానని తనే మాటిచ్చింది. నోరు ఊరికే ఉంటేనా!

ఆమెను ముంచుతున్నది ఒక తోక. మనం ‘ఇయ్యి’ అని చెయ్యి చాపుతాం, అయిపోయింది. ఎవరికి, దేన్ని అని అడిగితే వాడొట్టి తిక్కలోడు. స్పానిష్‌లో అలా కుదరదు. ఇవ్వమనే ‘దా’కు నాకు అనే ‘మె’ అంటించాలి, దాని వెనక తోకలాగా, ‘దాన్ని’ అనే ‘లో’ అంటించాలి. అన్నీ కలిసి ఒకటే మాట, దామెలో. అదే ఆడ వస్తువైతే దామెలా. ఆ భాషలో వస్తువులకు కూడా ఆడా మగా ఉన్నాయి, ఖర్మ.

తండ్రిని కస్టమర్‌గా ఎదురు కూర్చోబెట్టుకుని ఇవన్నీ గడగడా అప్పజెప్పేది. పరీక్షలో మాత్రం తప్పేది. ఎక్కడ తప్పుతోందో తెలియకపోవడమే ఆమెను తినేసింది.

గురువారం సాయంత్రం ఆ గుట్టు భావ్యకు దొరికింది. భావ్యది మంథని, ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతుంది. గ్లాసు అడగమన్నా హర్షిణి ‘లా’ అంటోంది, పుస్తకం అడగమన్నా ‘లా’ అంటోంది, రెండూ ఆ భాషలో మగవే అయినా. పోశాన్ని పిలిపించి, అవే ఇప్పుడు బాపును అడుగు అంటే, ఆడ వస్తువులతో సహా అన్నీ ‘లో’ అయ్యాయి. భావ్య కడుపుబ్బ నవ్వింది.

“పిచ్చిదానా, నువ్వు స్పానిష్‌ల గూడ ర, వే పెడుతున్నవ్. ఇయ్యర, ఇయ్యవే అన్నట్టు! ఆ తోక ఎదుటి మనిషిది గాదు, వస్తువుది.”

హర్షిణికి తల తిరిగినంత పనైంది. నిజమే. మగమనిషి కనిపిస్తే లో, ఆడమనిషి కనిపిస్తే లా. అంటే ఇన్నాళ్లూ బాపును ‘ర’ అన్నట్టేనా అని నాలుక కరుచుకుంది. తప్పు తెలిసింది సరే, ఒక్క పూటలో నాలుక తిరగాలి కదా?

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్‌లో పరీక్ష పెట్టింది మగాయన, బొంగురు గొంతు. కస్టమర్‌లాగా, తన సామాను చేరలేదని గయ్యిమన్నాడు. ఆయన చిరునామా అడగాలి. చిరునామా ఆ భాషలో ఆడది. సరిగ్గా అప్పుడే గనిలో బ్లాస్టింగ్‌కు కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ‘చెప్పండి, నాకు’ అనే ‘దీగమె’ దాకా నోట వచ్చేసింది. తోక మిగిలింది. ఆ బొంగురు గొంతుకు నాలుక ‘లో’ వైపు జారిపోతోంది. హర్షిణి కళ్లు మూసుకుని మనిషిని పక్కన పెట్టింది. గుమ్మం మీద రాసిన తమ క్వార్టర్ నంబరును తలుచుకుంది.

“దీగమెలా,” అంది.

ఆయన చిరునామా చెప్పాడు. గంట తిరక్కుండానే పాసైనట్టు మెయిల్ వచ్చింది.

పోశం డ్యూటీ దిగి కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. సంగతి విని మంచిదన్నాడు. జేబులోంచి మడతపెట్టిన ఫారం తీసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

“బాపూ, నాకు దాన్ని ఇయ్యి,” అంది హర్షిణి.

ఆ ఇంట్లో అంత నిండుగా ఎవరూ ఏదీ అడిగి ఎరగరు. పోశం ఇచ్చేశాడు. ఫారం చేతికొచ్చాక ఆమెకు చింపబుద్ధి కాలేదు.

“మరి నీ మోకాళ్లు?”

“ఇంక రెండేండ్ల సర్వీసే గద. మోకాళ్లు నాయి బిడ్డా, నీయి గావు.”

తెల్లారి ఫస్ట్ షిఫ్టుకు ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే, హర్షిణి గుమ్మం నుంచి వంటింటి దాకా మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. ఫారం ఇంకా చేతిలోనే ఉంది.