ఆరడుగుల సిగరెట్టు

కొండాపూర్‌లో పట్టపగలు ఒక వీధి మొత్తానికి నేను పొగ తాగించాను. ముసలివాళ్లని చూడలేదు, చంటిపిల్లలని చూడలేదు. వారానికి మూడు ఉపవాసాలుండే ఒక పెద్దమ్మ చేత కూడా నాలుగు దమ్ములు పీల్పించాను. అదీ పొగాకు మీద యుద్ధం ప్రకటించిన రోజునే! నవ్వండి, పర్వాలేదు. మా వీధివాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను ఓబులేసు గారి సూపర్ మార్కెట్లో పనిచేసేవాణ్ణి. ఆయనది ప్రొద్దుటూరు వైపు, నాది శేరిలింగంపల్లి. పదో తరగతి తప్పినవాణ్ణి కౌంటర్లో నిలబెట్టడమే గొప్ప. ఆయన అంతటితో ఆగకుండా, గిరాకీ లేనప్పుడు కూర్చుని చదువుకొమ్మని ఒక స్టూలు కూడా వేయించారు. మా శాఖా గ్రంథాలయంలో ఏ బీరువాలో ఏ పుస్తకముందో నేను కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. లైబ్రేరియన్ గారే ఒక్కోసారి నన్నడిగేవారు. ఈ కథకు ఆ సంగతి అవసరం లేదు గానీ, చెప్పుకోకపోతే నాకు అన్నం సయించదు.

ఆ ఏడు పొగాకు గురించి దొరికినవన్నీ చదివాను. చదివి ఊరుకుంటే బాగుండేది. సిగరెట్టు అడిగిన ప్రతివాడికీ అగ్గిపెట్టెతో పాటు ఊపిరితిత్తుల మీద ఒక ఉపన్యాసం ఇవ్వడం మొదలుపెట్టాను. ఐటీ ఆఫీసుల కుర్రాళ్లు మెడలో కార్డులు ఊగుతుండగా చిల్లర కూడా తీసుకోకుండా పారిపోయేవాళ్లు. చివరికి ఓబులేసు గారు చేతులెత్తేశారు.

"నీతో పడలేకపోతాండానప్పా! అమ్మేది నువ్వే, తాగొద్దని తిట్టేదీ నువ్వే. మనకా వ్యాపారమే వద్దు. సిగరెట్లు, చుట్టలు, జర్దా, అన్నీ నిలిపేద్దాం."

నాకు నేల మీద కాలు నిలవలేదు. "సార్, గీ ముచ్చట పేపర్ల రావాలె!"

"పేపర్లో వస్తే నేను మునుగుతా. ఇప్పుడు మా సీమోళ్ల అంగడంటే అందరి కండ్లూ దాని మీదే ఉండాయి. పొద్దున నువ్వు రాకముందే మంచి సరుకు ఏజెన్సీవాళ్లు వెనక్కి తీసుకుపోయినారు. నెమ్మెక్కిన పెట్టెలు మిగిలినాయి కదా, వాటిని చెత్తబండిలో వేసెయ్. నేను బ్యాంకు కాడికి పోయొస్తా. సప్పుడు కాకుండా చెయ్యాల, ఇన్నావా?"

విన్నాను. వింటే సరిపోతుందనుకున్నాను.

చెత్తబండిలో వేస్తే ఎవరో ఒకరు ఏరుకుని తాగరా? కాల్చేయాలి. ఊరికే కాలిస్తే లోకానికి ఎలా తెలుస్తుంది? ఆ రోజుల్లో ఎవరి మీద కోపమొచ్చినా అందరం చేసే పని ఒక్కటే: దిష్టిబొమ్మ! మా దుకాణానికి ఎదురుగానే రిలే నిరాహార దీక్షల శిబిరం. అక్కడ రోజు విడిచి రోజు ఏదో ఒక బొమ్మ తగలబడేది. నేనూ వెదురు బొంగుకు గడ్డి చుట్టి, తెల్లగుడ్డ తొడిగి, కొసకు ఎర్రరంగు పూసి ఆరడుగుల సిగరెట్టు తయారుచేశాను. నెమ్మెక్కిన సరుకంతా దాని పొట్టలో కుక్కి గుమ్మం పక్కన నిలబెట్టాను. లోపల కౌంటర్ మీద 'ఇక్కడ పొగాకు అమ్మం' అని ఒక బోర్డు కూడా పెట్టాను.

శిబిరంలోంచి యాదగిరన్న వచ్చాడు. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పని ఆయనది. డ్యూటీ లేనప్పుడల్లా దీక్షలో కూర్చునేవాడు. బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఎవనిది తమ్మీ గీ బొమ్మ? తలకాయ లేదేంది?"

"సిగరెట్టుది అన్నా."

"గాయన ఏ పార్టీ?"

"పార్టీ కాదన్నా, నిజం సిగరెట్టే. మా దుకాన్ల ఇగ పొగాకు అమ్మం. గందుకే దహనం."

యాదగిరన్న ముఖం వాడిపోయింది. "అయితే రేపటి సంది నేనేడ కొనాలె?"

"మానెయ్యాలె."

"ముందుగాల తెలంగాణ రానియ్యి, తర్వాత సూద్దాం. జర దూరం జరుపరాదు? గాలి మీ దుకాన్ దిక్కే కొడుతుంది."

ఇన్ని పుస్తకాలు చదివినవాడికి గాలి ఎటు వీస్తుందో ఇంకొకరు చెప్పడమా? అగ్గిపుల్ల గీశాను.

తడి పొగాకు మండదనీ, పొగ మాత్రమే చిమ్ముతుందనీ ఏదో పుస్తకంలో రాసే ఉంటారు. నేను ఆ పేజీ దాకా వెళ్లలేదు. మొదట అగరొత్తి పొగంత లేచింది. మరుక్షణం బొగ్గు రైలింజన్ దారి తప్పి మా దుకాణంలోకి దూరినట్టయింది. లోపలినుంచి దగ్గులు, తుమ్ములు, శాపనార్థాలు.

"ఏమండీ! పొగాకు అమ్మమని బోర్డు పెట్టి, లోపల ఎవరండీ ఇన్ని చుట్టలు కాలుస్తున్నారు?" పాపను చంకనేసుకుని ఒక మేడమ్ బయటపడింది.

ఆవిడ వెనకే ఉపవాసాల పెద్దమ్మ. "నేను ఒక్కపొద్దున్న గదరా! నా నోట్లె చుట్టపొగ వోసినవు, నీ చేతులు విరగ!"

ఇంతలో గడ్డి అంటుకుంది. గడ్డి మీదినుంచి మంట మా గుమ్మానికి కట్టిన నీడగుడ్డ మీదికి ఎగబాకింది. ఇంకో నిమిషం ఆగితే ఓబులేసు గారి దుకాణమూ ఉండదు, నా నౌకరీ ఉండదు.

"అరే, ఆంధ్రోళ్ల దుకాన్ కాలవెట్టిండ్రని మన మీదికే వస్తది! నీళ్లు దెండి!" యాదగిరన్న ఒక్క కేక వేశాడు. పొద్దుటినుంచి తిండి లేకుండా కూర్చున్నవాళ్లు తాము తాగే నీళ్ల క్యాన్లు ఎత్తుకుని పరుగెత్తుకొచ్చారు. ఆ రోజు దీక్షవాళ్లు గుటకెడు నీళ్లు కూడా మిగుల్చుకోలేదు. మంట ఆరింది. నీడగుడ్డ పోయింది, దుకాణం మిగిలింది.

అప్పుడొచ్చారు ఇద్దరూ ఒకేసారి: అటునుంచి కానిస్టేబుల్, ఇటునుంచి ఓబులేసు గారు.

"ఎవరు అంటువెట్టిండ్రు? పర్మిషన్ లేకుండ దిష్టిబొమ్మ కాలిస్తే కేసయితది, టెంటు పీకేస్త!" కానిస్టేబుల్ చూపు శిబిరం మీద ఉంది.

నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. మాటకంటే ముందు దగ్గు వచ్చింది. ఓబులేసు గారు కాలిన గుడ్డను చూశారు, నల్లబడ్డ బొంగును చూశారు, చివరికి నన్ను చూశారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"దిష్టిబొమ్మ కాదు సార్, వీళ్ల తప్పేం లేదు," అన్నారాయన నెమ్మదిగా. "మావోడే. సిగరెట్టు తాగి ఆర్పకుండా చెత్తలో పడేసినాడు."

"ఒక్క సిగరెట్‌కు గింత పొగనా?"

యాదగిరన్న తల గోక్కున్నాడు. "జర పెద్ద సిగరెట్ సార్."

కానిస్టేబుల్ నా చొక్కా దగ్గర వాసన చూశాడు. అనుమానం పూర్తిగా తీరిపోయింది. "గుప్పుమంటుంది! రోజుకెన్ని తాగుతవ్ రా?"

ఓబులేసు గారు వెనకనుంచి నా నడుము గిల్లారు.

"రెండు పెట్టెలు సార్," అన్నాను.

"గీ వయసుల్నా! చెయ్యి లేపు. ఇగ తాగనని అందరి ముందట ఒట్టు వెయ్యి, నిన్ను ఇడిచిపెడత."

వేశాను. శిబిరం మొత్తం చప్పట్లు కొట్టింది.

ఆ సాయంత్రం లెంపలేసుకుని ఓబులేసు గారి ముందు నిలబడితే, "గుడ్డ పోతే ఇంకోటి కట్టుకుందాం. రేపు పొద్దున్నే వచ్చెయ్యప్పా," అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. సిగరెట్ల అరల్లోకి పల్లీపట్టీలు వచ్చాయి, పొగాకు మళ్లీ రాలేదు. టీవీల్లో రోజూ మేమూ మీరూ అని కొట్టుకుంటున్న కాలంలో, ఒక ప్రొద్దుటూరు మనిషి నా కోసం అబద్ధమాడాడు, ఒక బాలానగర్ మనిషి ఆయన దుకాణం కోసం తాగే నీళ్లు పారబోశాడు. ఈ చదువు నాకు ఏ బీరువాలోనూ దొరికేది కాదు. వాళ్లిద్దరినీ తలచుకుని ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఇక ఆ ఒట్టు సంగతి. బతుకులో ఒక్క సిగరెట్టు కూడా ముట్టని నేను, ఆ రోజు నడివీధిలో కుడిచెయ్యి పైకెత్తి, రోజుకు రెండు పెట్టెల అలవాటును ఒక్క దెబ్బకు మానేశాను. అంత మొండి వ్యసనం మళ్లీ ఈ జన్మలో నా దరి చేరదని, పాఠకులారా, మీ ముందు కూడా ఒట్టేసి చెబుతున్నాను.