ఈనిన చేనుకు ఫోటో తీయకూడదు

మా స్టూడియోకి వచ్చేవాళ్ళందరిదీ ఒకటే కోరిక, కొంచెం తెల్లగా కనపడాలని. పెళ్ళికొడుకు తల్లీ అదే అంటుంది, పాస్‌పోర్టు సైజు ఫోటోకి వచ్చిన పెద్దాయనా అదే అంటాడు. ద్రాక్షారామంలో స్టూడియో పెట్టిన దగ్గర్నుంచీ మనుషుల్ని తెల్లబరచడమే నా వృత్తి అయిపోయింది. ఆ విసుగుతోనే, ముహూర్తాలు లేని రోజుల్లో తెల్లవారగానే స్కూటరేసుకుని కాలువ గట్టున పడి పోయేవాణ్ణి. పొలాలకి ఫోటోలు తీసుకునేవాణ్ణి. తమని తెల్లగా చూపించమని పొలాలు అడగవు.

"ఇవాళ ఎవరి పెళ్ళండీ, వరిచేలదా?" అనేది మా ఆవిడ, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

కాలువలోంచి పంట బోదెలోకి నీళ్ళు వదిలే తూము ఒకటుంది. దాని పక్కన సిమెంటు దిమ్మ. నా చోటు అదే. దిమ్మ ఎక్కి నిలబడితే ఎదురుగా ఒకటే చదును, చేల మీద చేలు, చివర తాటిచెట్ల వరస, ఆ పైనంతా ఆకాశం. బయటి ఊళ్ళ చుట్టాలు వచ్చి చూసి, కొండా లేదు కోనా లేదు, ఇక్కడ తీయడానికేముంది అంటారు. ఆ ఏమీ లేకపోవడమే నాకు ఇష్టం. మబ్బు పట్టినా ఎండ కాసినా అంత చదును నేల మీద దాక్కోవడానికి దానికి చోటుండదు.

ఆ దిమ్మ మీద నుంచి, ఆ ఒక్క చేనునే, ఏడాది పొడుగునా తీయాలని నా కోరిక. తీసినవన్నీ స్టూడియో గోడ మీద వరసగా పెట్టాలి. ఎండాకాలం కాలువలు కట్టేశాక నెర్రెలిచ్చిన నేలనీ, కాలువ మడుగుల్లో మిగిలిన నీళ్ళలో చేపలు పట్టేవాళ్ళనీ తీశాను. కాలువలకి నీళ్ళొచ్చాక దమ్ము చేసే ట్రాక్టరునీ, దాని వెనకాల బురదలో పురుగుల కోసం ఎగబడే కొంగల్నీ తీశాను. ఊడ్పులప్పుడు వానలో, ఎరువుల సంచులు తలమీద కప్పుకుని వంగి నాట్లేస్తున్న ఆడవాళ్ళని తీస్తుంటే ఒకావిడ నడుం ఎత్తి, "ఎప్పుడూ మా నడుములే తీస్తారేంటండీ, మొహాలు పనికిరావా?" అంది. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. అందరినీ గట్టు మీద వరసగా నిలబెట్టి మొహాలు కూడా తీసి, ప్రింట్లు తెచ్చిచ్చాను. కోతలయ్యాక మంచులో తడిసిన గడ్డిమోపులు తీశాను. రెండో పంటకి దాళ్వా నాట్లూ తీశాను.

ఒక్కటి మాత్రం లేదు. పండిన చేను.

మొదటి ఏడాది దసరా వెళ్ళాక, కంకులు అప్పుడప్పుడే బయటికొస్తున్న చేను మీద పొద్దుటి ఎండ పడుతుంటే కెమెరా కంటికి ఆనించాను. చేను రైతు గట్టు మీద గబగబా నడిచొచ్చాడు. తర్వాత్తర్వాత నేను బాబాయ్ అని పిలవడానికి అలవాటు పడిన మనిషి ఆయనే. కోప్పడలేదు. "ఆ కెమెరా కొంచెం పక్కకి తిప్పుకోండి బాబూ" అన్నాడు. వెనకే ఆయన భార్య, పిన్నిగారు, వచ్చింది.

"చేను ఈనుతోందండి. పురిటి మంచం మీదున్నట్టే కదా. ఇప్పుడు ఫోటో తీస్తారేంటండీ, దిష్టి తగలదూ?"

ఈ మధ్య కడుపుతో ఉన్న అమ్మాయిలే కడుపు మీద చెయ్యేసుకుని మరీ ఫోటోలు తీయించుకుంటున్నారని చెబుదామనుకుని, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. అప్పుడు చేను మధ్యలో కర్రలకి కట్టిన ఫ్లెక్సీ కనపడింది. వచ్చే పోయే వాళ్ళ చూపు పంట మీద కాకుండా ముందు దాని మీద పడాలని మా వైపు అలా పాత ఫ్లెక్సీలు కడతారు. అందులో రిసెప్షన్ బట్టల్లో ఒక కొత్త జంట నవ్వుతోంది. ఆ ఫోటో తీసిందీ, ఫ్లెక్సీ వేయించిందీ నేనే. నా కెమెరా నుంచి చేనుని నా ఫోటోయే కాపలా కాస్తోందన్నమాట.

"కోతలయ్యాక ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి. ఇప్పుడొద్దండి" అన్నాడు బాబాయ్.

నాకు దిష్టి మీద నమ్మకం లేదు. ఇంటికొచ్చి మా ఆవిడ దగ్గర వెటకారం చేశాను కూడా. కానీ చేను ఆయనది. దొంగచాటుగా తీయబుద్ధి కాలేదు. ప్రతి ఏడూ దసరా వెళ్ళాక ఒకసారి అడిగేవాణ్ణి. "ఆయ్, కోతలవ్వనీండి" అనేవాడు. పిన్నిగారు గ్లాసుతో మజ్జిగ ఇచ్చి పంపేసేది. స్టూడియో గోడ మీద ఫోటోల వరసలో ఒక ఫోటో పట్టేంత జాగా ఖాళీగానే ఉండిపోయింది. కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చినవాళ్ళ దగ్గర్నుంచి అందరూ అక్కడేముండాలండీ అని అడిగేవారు. రావాలి అనేవాణ్ణి.

ఈలోగా దిమ్మ మీద నుంచి కనపడేది మారిపోతూ వచ్చింది. ముందు కుడివైపు చేలల్లోకి పొక్లెయిన్లు దిగాయి. రొయ్యల చెరువులు తవ్వారు. నేను కాస్త ఎడమకి జరిగి తీశాను. తర్వాత ఎడమవైపూ చెరువులొచ్చాయి. అప్పుడు లెన్సు మార్చాను. నీళ్ళు చిలికే యంత్రాల చప్పుడు ఫోటోలో పడదు కాబట్టి సరిపోయింది గానీ, నిలబడ్డంతసేపూ చెవుల్లో అదే హోరు. మధ్యలో బాబాయ్ చేను ఒక్కటే ఆకుపచ్చగా మిగిలింది. ఒక ఏడాది, చెరువుల వైపు గట్ల పక్కన పైరు ఎర్రబడి ఎండిపోయింది. ఉప్పునీళ్ళు లోపలికి ఊరుతున్నాయి.

కిందటి కార్తీకంలో ఒకరోజు స్టూడియోలో ఉండగా ఫోను మోగింది. బాబాయ్ ఎప్పుడూ నాకు ఫోను చేసిన మనిషి కాదు.

"ఫోటోల గారా? చేను పండిందండి. వచ్చి తీసుకోండి."

ఇన్నేళ్ళ నుంచి ఎదురుచూసిన మాట. ఎగిరి గంతేయాల్సింది పోయి, కుర్చీలో కూర్చున్నాను. కారణం అడగలేదు. అడక్కుండానే తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేసరికి ఆయన దిమ్మ దగ్గర కూర్చుని ఉన్నాడు. పిన్నిగారు రాలేదు. చేను గట్టు నుంచి గట్టు దాకా ఒకే రంగులో ఉంది, కంకులన్నీ ఒకవైపు ఒరిగి. మధ్యలో ఫ్లెక్సీ లేదు. కర్రలతో సహా పీకేసి, మడతపెట్టి గట్టు మీద పడేశాడు.

"మీ ఫోటోకి అడ్డమొస్తుందని తీసేశానండి."

"కోతలు అవ్వలేదు కదా బాబాయ్, ఉంచాల్సింది."

"చుట్టూ ఉప్పు పెట్టుకుని మధ్యలో వరేం పండుతుందండి? కోతలవ్వగానే తవ్వుకోమని మనదీ చెరువుకే ఇచ్చేశాను. ఇదే ఆఖరు పంట. ఇంక ఎవరి దిష్టి తగిలితే మాత్రం ఏంటండీ" అన్నాడు. చేను వైపు చూడకుండా, కాలువ వైపు తిరిగి అన్నాడు.

దిమ్మ ఎక్కాను. కావాలని అడిగి చేయించుకున్నట్టుంది వెలుగు. అంత మంచి ఫోటో ఆ చోటు నుంచి నేనెప్పుడూ తీయలేదు. తీస్తున్నంతసేపూ నాకు ఏడుపొచ్చింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. ఫోటో తీసి వచ్చిన వారంలోనే బంగాళాఖాతంలో వాయుగుండమని టీవీలో మొదలుపెట్టారు. దిష్టి లేదు గిష్టి లేదని వెటకారం చేసినవాణ్ణి, అన్నం ముందు కూర్చుని టీవీలో గుండ్రంగా తిరిగే మబ్బునే చూస్తున్నాను. ఆయన ఆఖరు పంట నేలకొరిగితే అది నా కెమెరా వల్లేనని ఆ దంపతులు అనరు. మనసులో అనుకోకుండా మాత్రం ఉండలేరు. నేనూ ఉండలేను. పెళ్ళి వీడియో ఎడిటింగుకి కూర్చుంటే చెయ్యి సాగలేదు. "వాన పడితే మీరేం చేస్తారండీ, గొడుగు పడతారా?" అంది మా ఆవిడ. అని, తనే సాయంత్రం వీధిలోకి వెళ్ళి మబ్బు చూసొచ్చింది.

నాలుగు చినుకులు రాలి, గాలి ఎటో పోయింది. ఆ మర్నాడే కోత మిషను దిగింది. ధాన్యం ఇంటికి చేరిందని బాబాయ్ చెప్పేదాకా నాకు ముద్ద దిగలేదు.

సంక్రాంతి వెళ్ళాక, ఆ చేను చెరువైపోయాక, ఫోటోని పెద్దది చేయించి ఫ్రేము కట్టించి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. ఇద్దరూ దాన్ని వెలుగులోకి పట్టుకుని చూశారు. "బాగా పండిందండి" అన్నాడు చివరికి బాబాయ్, ఎవరి చేనో అయినట్టు. గుమ్మానికెదురుగా మేకు కొట్టి తగిలించాడు.

మొన్న అటువైపు ఒక ఓణీల ఫంక్షనుకి వెళ్ళి, వస్తూ వాళ్ళింట్లో ఆగాను. ఫోటో అద్దం మీద కింద మూల ఒక నల్లటి మచ్చ కనపడింది. ఈగ వాలిందేమో అనుకుని, స్టూడియో అలవాటు కొద్దీ రుమాలు తీసి తుడవబోయాను.

"అది తుడవకండి" అంది పిన్నిగారు వంటగది గుమ్మంలోంచి. "కాటుకండి. నేనే పెట్టాను."

బాబాయ్ నవ్వాడు. "చెరువు తవ్వేసి ఇన్నాళ్ళయ్యిందే. ఇంకా దిష్టేంటి?"

"ఇందులో ఉంది కదండీ చేను. వచ్చినవాళ్ళందరూ దీన్నే చూస్తున్నారు."

రుమాలు జేబులో పెట్టేసుకుని, ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను. అదే ఫోటో మా స్టూడియో గోడ మీద, ఇన్నేళ్ళూ ఖాళీగా ఉన్న చోట ఉంది. ఆ సాయంత్రం షట్టరు దించే ముందు, స్టూడియో వెనకే ఉన్న మా ఇంట్లోకి వెళ్ళి మా ఆవిడని కాటుక డబ్బా అడిగాను.