వేడెక్కని టైరు

నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద దేవుళ్లు టైర్ల దుకాణం ఎక్కడని అడిగితే చెప్పనివాళ్ళుండరు. బోర్డు ఎప్పుడో గాలివానకి పోయింది. మళ్ళీ పెట్టించాలని యజమాని దేవుళ్లుకీ తోచలేదు, లేదే అని ఎవరూ అడగలేదు. కొండ ఘాటీలోంచి దిగే బండి ఏదైనా అక్కడ ఓసారి ఆగాల్సిందే. కొయ్యూరు వైపు నుంచి చింతపండు బస్తాలూ పనసకాయలూ నెత్తిన పెట్టుకుని, చుట్టూ మనుషుల్ని వేలాడదీసుకుని వచ్చే జీపులూ చిన్న లోడ్ బళ్ళూ అయితే మరీను. బండి ఆగగానే దేవుళ్లు డ్రైవరు మొహం కూడా చూడడు. వంగి, అరచెయ్యి టైరు మీద పెడతాడు.

"సల్లగుంది. బెంగనేదు, ఎల్లు," అంటాడు. లేకపోతే, "కాలిపోతంది. ఇయ్యాలే మార్చీ," అంటాడు. అంతే. దానికి ఎదురు చెప్పిన డ్రైవరు లేడు.

వేడెక్కని టైరే మంచి టైరు. ఆ రోడ్డు మీద బతికే వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. బరువుకి టైరు వేడెక్కుతుంది, వేడెక్కింది పేలుతుంది, పేలితే పక్కన లోయ. అందుకని గట్టి టైరు వెయ్యాలి, గాలి బిర్రుగా పట్టాలి. దేవుళ్లు ఈ మాట చెప్పి ఎందరిని బతికించాడో లెక్కలేదు. ఊరికి ఆయన చెయ్యంటే గురి. ఆ చెయ్యంటే భయపడేవాడు ఊరంతటికీ ఒక్కడే. అది ఆయనే.

దుకాణం వెనక రేకుల షెడ్డులో నీలంరంగు పట్టా కింద ఒక కారుంది. ఆయన కొడుకు సూర్యది. విశాఖలో ఎవరి పెరట్లోనో మూలపడి ఉంటే చూసి, మనసుపడి తెచ్చుకున్నాడు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పైన కప్పు లేదు, ఒళ్ళంతా ఫైబరు. నలుగురు పట్టుకుంటే ఎత్తి పక్కన పెట్టెయ్యొచ్చు. ఊళ్ళోవాళ్ళు దానికి సబ్బుపెట్టె అని పేరు పెట్టారు. సూర్య నవ్వి, "సబ్బుపెట్టే. అందుకే జారకుండా సూసుకోవాల," అనేవాడు.

దాని చక్రాలు చిన్నవి. చిన్న లోడ్ బళ్ళ చక్రాలూ అదే సైజు. అదే కొంప ముంచింది. కొడుకు ఎక్కే బండి కదా అని దేవుళ్లు దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా గట్టివి, లోడ్ బళ్ళకి వేసేవి, నాలుగు దించాడు. సూర్య వద్దన్నాడు. మెత్తటి రబ్బరువి, పక్కలు నొక్కితే లొంగేవి విశాఖ నుంచి తెప్పిద్దామన్నాడు.

"మెత్తయి ఘాటీలో ఆగవురా. ఈటికి పదేళ్ళు సూడక్కర్నేదు," అన్నాడు తండ్రి.

వారం రోజులు నడిపి చూసి, ఒకరోజు సూర్య బండి ఆపి, తండ్రి చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టాడు. "సూడు నాన్నా, ఇంత దూరం ఎల్లొచ్చినా సల్లగానే ఉంది."

"మరదే! మంచి టైరంటే అదీ."

"కాదు నాన్నా. ఈ బండికి బరువు నేదు. ఇంత గట్టి రబ్బరు దీని కింద నలగదు, ఏడెక్కదు. ఏడెక్కపోతే రోడ్డుని పట్టుకోదు. నీళ్ళ పైనున్నట్టు తేలతంది."

దేవుళ్లు నవ్వేశాడు. టైరు చల్లగా ఉందని ఏడ్చేవాణ్ణి పుట్టాక ఇప్పుడే చూశానని, పక్కనున్న డ్రైవర్లందరికీ చెప్పి మరీ నవ్వాడు. సూర్య చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఆ వానాకాలమే, లంబసింగి నుంచి దిగుతుంటే, నీటూట మలుపు దగ్గర బండి తిరగలేదు. అక్కడ కొండలోంచి ఊట కారి రోడ్డు ఎప్పుడూ తడిగా ఉంటుంది. బండి తిన్నగా పోయి పిట్టగోడను కొట్టి ఆగింది. సూర్య ఆగలేదు, గోడ మీంచి లోయలోకి పోయాడు.

కారుని లారీ మీద దింపి తెచ్చారు. అంత దుఃఖంలోనూ దేవుళ్లు చెయ్యి అలవాటు కొద్దీ టైరు మీదకి పోయింది. చల్లగా ఉంది. వానలో గంటల తరబడి పడున్న బండి చల్లగా కాక ఎలా ఉంటుంది? కానీ ఆ చలి ఆయన అరచేతిలోకి ఎక్కి కూర్చుంది. తర్వాత వేడన్నం కలిపినా ఆ చేతికి వేడి తెలిసేది కాదు. దుకాణంలో టైర్ల మీద ఎడంచెయ్యి పెట్టేవాడు, ఎవరూ గమనించలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "స్పీడండీ, కుర్రోడు కదా," అన్నారు. ఔనన్నాడు. భార్య మంగాదేవి కూడా స్పీడే అనుకుంది. ఔనన్నాడు. ఆ మాటే పట్టుకుని ఏళ్ళు వెళ్ళదీశాడు.

వానపడితే మాత్రం కష్టం. షెడ్డులో పట్టా టపటపా కొట్టుకుంటుంది. ఎవరో బండి బయటికి తియ్యడానికి పట్టా లాగుతున్నట్టే ఉంటుంది. చేస్తున్న పని వదిలేసి వెళ్ళి చూస్తాడు. ఎవరూ ఉండరు. పట్టా అంచు కింద టైర్లు కనపడతాయి, కొత్తవాటి మీద ఉండే సన్నటి రబ్బరు నూగు ఇంకా రాలకుండా. అరగలేదు, వేడెక్కలేదు. పదేళ్ళు చూడక్కర్లేదన్న తన మాటే అక్కడ నాలుగు చక్రాల మీద నిలబడి తనకేసి చూస్తున్నట్టుండేది. దానికి పట్టా కప్పి వచ్చేసేవాడు.

ఆయన కూతురు సాయిప్రియది అనకాపల్లిలో బ్యాంకు ఉద్యోగం. ఈ ఏడాది సెలవు పెట్టి వచ్చి, అడక్కుండానే పట్టా తీసేసింది. మెకానిక్ బుజ్జిబాబుని పిలిచి ఇంజను బాగుచేయించింది, పగిలిన ముక్కు అతికించింది. ఒకరోజు షెడ్డులోంచి ఆ ఇంజను చప్పుడు వినపడేసరికి దేవుళ్లు స్పానరు పట్టుకునే అటు వెళ్ళాడు. సీట్లో కూర్చుని, మోచెయ్యి బయటికి పెట్టి, తల ఓ పక్కకి వంచి ఇంజను వింటోంది కూతురు. అచ్చం వాడే.

"అన్నయ్య దీన్ని ఘాటీ దింపలేకపోయేడు. లారీ మీద దిగింది," అంది. "ఓసారి దాని కాళ్ళ మీద అది దిగొస్తే అమ్మేద్దాం నాన్నా. ఇలా పట్టా కింద ఉంటే వాడే అక్కడ పడున్నట్టుంది. పాత టైర్లు ఎండిపోయేయంట, బుజ్జిబాబు సెప్పేడు. ఏవెయ్యాలో నువ్వే సెప్పు."

కూతురికి ఏమీ తెలీదు. ఊళ్ళో అందరిలాగే తండ్రి చేతిని నమ్మి అడిగింది. దేవుళ్లు లెక్క వేసుకున్నాడు. గట్టివి వేస్తే, ఆనాడు తను చేసింది తప్పు కాదన్నట్టు ఉంటుంది, కానీ వాటి మీద ఎక్కేది కూతురు. మెత్తవి వేస్తే పిల్ల దిగొస్తుంది. దిగొస్తే, కొడుకు ఎందుకు దిగిరాలేదో తేలిపోతుంది.

రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోరోజు పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్ళాడు. నాలుగైదు దుకాణాలు తిరిగాడు. వెడల్పాటివి చూపించి, స్పోర్ట్స్ కారుకి ఇవే అందమన్నారు. ఆయన అందం చూడ్డానికి రాలేదు. తేలిక బండికి వెడల్పెక్కువైతే నీళ్ళ మీద తేలుతుంది, సన్నవే కావాలన్నాడు. తయారైన తేదీ చూశాడు. గోరు గుచ్చి, గాటు పడితేనే కొనడానికి పక్కన పెట్టించాడు. సూర్య అడిగినవే, ఇన్నాళ్ళకి, ఏరి ఏరి కొన్నాడు.

దుకాణంలో వాటిని ఎక్కిస్తుంటే మంగాదేవి వచ్చింది. టైరు పక్కని వేలితో నొక్కి చూసింది. ఆ ఇంటి ఇల్లాలికి టైరంటే ఏమిటో తెలీకపోవడమేమిటి?

"ఏటండీ ఇది, అప్పడంలా లొంగిపోతంది? అప్పుడు గట్టియి ఏస్తేనే అలాగైంది. ఇప్పుడు పిల్లకి మెత్తయి ఏస్తారా?"

ఆయన గాలి పడుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత తక్కువ గాలి ఏ బండికీ పట్టలేదు. చెయ్యి ఇంకాస్త పట్టమని పోరుతూనే ఉంది.

"పక్కన నాను కూకుంటాను," అన్నాడు చివరికి.

లంబసింగి దాకా ఎక్కడం బాగానే ఎక్కారు. పైన టీ తాగారు. దిగేటప్పుడు సన్నగా జల్లు మొదలైంది. పొగమంచు రోడ్డుకి అడ్డం పడి, చెట్లు ఒక్కొక్కటే బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోతున్నాయి. సాయిప్రియ మోచెయ్యి బయటికి పెట్టింది. దేవుళ్లు అటు చూడటం మానేశాడు. చూస్తే అక్కడ ఎవరున్నారో చెప్పలేని స్థితిలో ఉన్నాడు.

"నాన్నా, తేలట్లేదు సూసేవా?" అంది ఆ పిల్ల, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

ఆయన ఆ మాట ఎవరి నోట విన్నాడు?

నీటూట మలుపు వచ్చింది. నీళ్ళు రోడ్డు మీద మెరుస్తున్నాయి. పిట్టగోడకి వేసిన కొత్త సిమెంటు అతుకు కనపడింది. ఆ క్షణాన దేవుళ్లు మనసులో ఒక కోరిక లేచింది. కొంచెం జారితే బాగుణ్ణు. మెత్తవైనా జారితే, అది రోడ్డు తప్పు, వాన తప్పు, వాడి స్పీడు తప్పు. పక్కన కన్నకూతురు ఉండగా ఆ కోరిక పుట్టింది. పుట్టినందుకు తనని తాను అసహ్యించుకుంటూ, సీటు గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

బండి తిరిగింది. ఏమీ జరగనట్టు, తన దారి తనకి తెలిసినట్టు, మెత్తగా తిరిగిపోయింది.

"ఆపమ్మా," అన్నాడు. "ఆపు."

ఆమె బండి పక్కకి తీసింది. ఆయన దిగి, జల్లులో నడిచి ముందుకి వెళ్ళి, వంగి అరచెయ్యి టైరు మీద పెట్టాడు. పైన తడిగా ఉన్నా, పక్కన రబ్బరు గోరువెచ్చగా ఉంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ చేతికి వేడి తెలిసింది. తియ్యలేక అలాగే ఉంచేశాడు. భుజాలు కదిలిపోతున్నాయి.

సాయిప్రియ గాభరాగా దిగి వచ్చింది. ఆమె కూడా ఆ దుకాణంలో పెరిగిన పిల్లే. "ఏటి నాన్నా? టైరు ఏడెక్కిపోయిందా?"

"ఏడెక్కిందమ్మా," అన్నాడు. "ఏడెక్కాల. మీ అన్న సెప్పేడు. నానే ఇన్లేదు."