మొద్దు దగ్గర ఆడమనిషి

మా మాంసం మార్కెట్లో ఆడవాళ్లు పేగులు కడుగుతారు. నేల మీది నెత్తురును చీపురుతో కాలవలోకి తోస్తారు, తడి తోళ్లు నెత్తిన మోస్తారు. కత్తి మాత్రం మగవాడిది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అందరూ కత్తి వదిన అని పిలిచే మనిషి కూడా పెళ్లయిన కొత్తలోనే పేగుల తొట్టి దగ్గర కూచుంది. పక్కనే అత్త. అదే తొట్టి దగ్గర ఆవిడ ముసలిదయింది. ఇద్దరికీ క్షణం పడేది కాదు. కోడలు కడిగిన పేగును అత్త మళ్లీ నీళ్లలో విసిరికొట్టి, "కడగడమంటే తడపడం కాదే" అనేది.

మొగుడు మాటల మనిషి కాదు, చేతుల మనిషి. బేరం కుదరకపోతే కోపంతో కొట్టేవాడు, కుదిరితే తాగొచ్చి కొట్టేవాడు. ఒకసారి జనం చూస్తుండగానే ఇనప కొక్కెంతో ఆమె మోచేయి పగలగొట్టాడు. ఆ పూట ఆమె ఒంటిచేత్తోనే పేగులు కడిగింది. అత్త తొట్టిలో చన్నీళ్లు పారబోసి గోరువెచ్చనివి నింపింది, అంతే.

ఒక పొద్దున అతను ఎత్తిన కత్తి దించకుండానే మాంసం కొట్టే మొద్దు మీదికి ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. వేరేవాళ్ల దగ్గర కూలికి మాంసం కొట్టే తమ్ముడు, అన్న కొట్టు ఇక తనదేనని మార్కెట్టంతా చెప్పుకు తిరిగాడు. అతను తాళం అడగడానికి వచ్చేలోపే వదిన పిల్లలను ఇంట్లో వదిలి, కొట్టు తెరిచి కత్తి పట్టుకుంది.

మొదటి దెబ్బకు ఎముక తెగలేదు. కత్తి జారి మొద్దులో దిగబడింది.

"వదినా, నీకు కత్తెందుకు, గరిటె తెచ్చుకో," అని ఎదురు కొట్టువాడు నవ్వాడు.

ఆమె తలెత్తకుండానే అంది, "గరిటె మీ ఆవిడ దగ్గరే ఉండనీ. నువ్వు ఇంటికెళ్లాక ఆవిడకి పనికొస్తుంది."

అతని పక్కవాళ్లు కూడా నవ్వారు. కొన్నాళ్లకు ఆమెకు కీలు ఎక్కడుందో వేలితో తాకితే తెలిసిపోయేది. గిరాకీ నిలబడింది. మరిదికి అదే కంటగింపయింది.

ఒకరోజు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "లే వదినా. ఇది మా అన్న కొట్టు."

"మీ అన్న పోయాడు. ఆయన పిల్లలు పోలేదు. గిరాకీ ఉంది, పక్కకి జరుగు."

జుట్టు పట్టి కిందికి లాగాడు. కడుపులో తన్నాడు. నెత్తుటి నేల మీద జారుతూనే ఆమె లేచి, ఎడమచేత్తో మొద్దును గట్టిగా పట్టుకుంది. అతను కత్తి అందుకుని ఆ చేతి మీదే వేశాడు. రెండు వేళ్లు మొద్దు మీదే ఉండిపోయాయి. చుట్టూ ఇంతమంది మగవాళ్లు, అందరి చేతుల్లోనూ కత్తులే. ఒక్కడూ కదల్లేదు. ఎవరో "ఇంటి గొడవ" అన్నారు.

అతను కత్తి మళ్లీ ఎత్తాడు. తొట్టి దగ్గర నుంచి అత్త లేచింది. తూకం రాయి తీసుకుని కొడుకు మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. "అమ్మా," అంటూ అతను మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆవిడ అదే చోట మళ్లీ కొట్టింది. ఇంకోసారి ఎత్తబోతే పేగులు కడిగే ఆడవాళ్లు పట్టుకున్నారు.

"వదలండే. నేను కన్నవాడే," అంది.

ఆస్పత్రిలో కోడలి మంచం పక్కన అత్త కూచుంది. కోడలు అడిగింది.

"నేనంటే నీకు గిట్టదు కదా అత్తా. ఎందుకు లేచావు?"

ఆవిడ చెవి మీది జుట్టు పక్కకు తీసింది. అక్కడ సగం చెవి లేదు.

"మీ మామ పని. ఆ మొద్దు దగ్గరే. మా అత్త తొట్టి దగ్గర కూచుని చూసింది. లేవలేదు."

కోర్టులో సాక్ష్యం చెప్పింది కూడా ఆవిడే. మార్కెట్లో మగవాళ్లెవరూ ఏమీ చూడలేదట. కొడుకు జైలుకెళ్లాడు.

కత్తి వదిన మళ్లీ కొట్టు తెరిచింది. ఎడమచేతికి కొక్కెం కట్టుకుని దాంతో మాంసం అదిమి పట్టి నరుకుతుంది. చలికాలంలో లేని వేళ్లు నొప్పెడతాయని తిట్టుకుంటుంది. ఆమెను చూసి తోళ్లు మోసే అక్కాచెల్లెళ్లిద్దరు కొట్టు పెట్టి కత్తి పట్టారు. వాళ్లలో పెద్దదాని మొగుడు ఇల్లు దాటితే కాళ్లు విరుస్తానన్నాడు. అన్నంత పనీ చేశాడు. ఆమె ఇప్పుడు కుంటుతూనే వచ్చి కొట్టు తెరుస్తుంది. తొట్ల దగ్గర మాత్రం ఇప్పటికీ ఆడవాళ్లే.

శిక్ష పూర్తయ్యాక మరిది ఒక మధ్యాహ్నం కొట్టుకు వచ్చాడు. మణికట్టు వంకరగా అతుక్కుంది, కత్తి నిలవదు. ఏదైనా పని ఉందా అన్నట్టు తల్లి వైపు చూశాడు.

"పేగులు కడుగుతావా?" అంది ఆవిడ.

అతను నేల మీద ఉమ్మేసి వెళ్లిపోయాడు.

ఆ పూట అత్త అన్నం కలుపుకుని ముద్ద నోట పెట్టలేదు.

"తిను అత్తా."

"వాడు తిన్నాడో లేదో."

కత్తి వదిన తన కంచం కూడా పక్కకు జరిపి, ఆవిడ దగ్గరే కూచుంది.