నలుపంటే నలుపే

కరీంనగర్‌లో మాది మ్యాచింగ్ సెంటర్. చీర కొంగు చూపిస్తే చాలు, సరిపోయే జాకెట్ ముక్కను కూర్చున్నచోటి నుంచే లాగుతానని నాకు పొగరు. మిగతా దుకాణాల వాళ్లు ముక్కను ఎండలోకి తీసుకెళ్లి చూస్తారు. నేను స్టూలు దిగను.

మొన్న పెళ్లిళ్ల రోజుల్లో సుల్తానాబాద్ ఆమె ఒకతి కుట్టించిన జాకెట్‌ను నా ముందు పరిచింది.

"అక్కా, నలుపు అడిగితే నీలం ఇచ్చినవ్."

"నలుపంటే నలుపే బిడ్డా. మీ టైలర్ దగ్గర లైటు సక్కగ లేదేమో."

"లైటు కాదు, జర నీ కండ్లు చూపించుకో."

దుకాణంలో నాతో ఉండే నా కోడలు జాకెట్‌ను వాకిట్లోకి తీసుకెళ్లి చూసింది. ఇంకో ముక్క ఇచ్చి పంపింది. తర్వాత అంది, "అత్తమ్మా, ఇగ మ్యాచింగ్ నేను చూస్త. మీరు గల్లా కాడ కూసోండ్రి."

అందరికీ గల్లాపెట్టె అంటే పెద్దరికం. నాకు మాత్రం అది రిటైర్‌మెంటు.

నిజానికి ఏడాదిగా నేను అందరినీ తిడుతూనే ఉన్నాను. తెల్ల బట్ట పచ్చగా కనిపిస్తే మిల్లు వాళ్లను, మసకగా ఉంటే ట్యూబ్‌లైటును, కళ్లద్దాలు పనిచేయకపోతే అవి అమ్మినవాణ్ని. పొద్దుగూకాక బండ్ల లైట్లు కళ్లలో చెదిరిపోయేవి. కోడలికి తోడని చెప్పి, దాని చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచేదాన్ని.

కోడలు తీసుకెళితే కంటి డాక్టర్ చూసి చెప్పాడు. "శుక్లాలమ్మా. కంటి లోపలి అద్దమే మసకబారింది. కండ్లద్దాలు మారిస్తే పోదు. అది తీసి కొత్త లెన్స్ పెట్టాలె."

"పెండ్లిళ్లు అయిపోనీయుండ్రి సార్. జర ముదరనీయుండ్రి."

"ముదిరిందాక ఆగుడు పాత ముచ్చట. పనికి అడ్డమొస్తుందా, లేదా?"

ఏడాదిగా అడ్డమొస్తూనే ఉంది. అయినా బేరం వదల్లేదు. "ముందు ఒక్క కన్నే చేయుండ్రి. బాగుంటే రెండోది ఇస్త."

"మేం గూడ ఒక్కొక్కటే చేస్తం," అని నవ్వాడు. నేను గెలిచాననుకున్న బేరం ముందు నుంచీ వాళ్ల పద్ధతే.

ఒక కంటికి ఆపరేషన్ అయ్యి, నల్లద్దాలు, చుక్కల మందు రోజులు గడిచాక దుకాణానికి వెళ్లాను. తెల్ల ముక్క ఒకటి తీసి ఒక కన్ను మూసి చూశాను, తర్వాత రెండోది మూసి. కొత్త కంటికి తెలుపు తెలుపే. పాత కంటికి అదే ముక్క పసుపు నీళ్లలో ముంచినట్టుంది. నల్లవాటి దొంతరలో నేను సర్దిన నీలం ముక్కలు ఏడు దొరికాయి.

"నలుపంటే నలుపే అన్నరు గద," అంది కోడలు.

"అన్న. గిప్పుడు నీలమంటున్న. జరుగు, గది నా జాగ."

జరిగింది. మొదటి గిరాకీకి ముక్క లాగాను. స్టూలు దిగి, వాకిట్లోకి పోయి, ఎండలో పట్టుకుని చూశాను. వెనక కోడలు నవ్వింది. నవ్వనీ.